ఆప్టోజెనెటిక్స్‌తో చూపు వస్తుందా? ఆర్‌పీతో చూపు పోయిన అన్నయ్య గురించి అడిగినవారికి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అన్నయ్యకు 46 ఏళ్లు. చిన్నతనంలో రేచీకటితో మొదలైంది, తర్వాత రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ) అని తేల్చారు. చూపు ఏటేటా చుట్టూరా కుంచించుకుపోతూ వచ్చి, ఇప్పుడు లైటు వేసి ఉందా ఆర్పేసి ఉందా అన్నది తప్ప మరేమీ తెలియడం లేదు. ఆప్టోజెనెటిక్స్ అనే పద్ధతిలో నాచులో ఉండే జన్యువును కంట్లోకి ఎక్కిస్తే చూపు వస్తోందని ఎక్కడో చదివారు. మళ్లీ పుస్తకం చదవగలడా, పిల్లల ముఖాలు చూడగలడా, డబ్బు కట్టి ముందే చేయించుకునే దారి ఏదైనా ఉందా అని అడిగారు. చివర్లో ఇంకో మాట చేర్చారు: "ఎలాగూ చూపు వస్తుంది కదా అని తెల్ల కర్ర నేర్చుకోవడం మానేశాడు." మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, నాకు ఈ మాట ఒక ఎత్తు.

నేను చాలా ఏళ్లుగా రెటీనా విభాగంలో చూపు పరీక్షలు, లో విజన్ శిక్షణ (మిగిలిన కాస్త చూపుతో పనులు చేసుకోవడం నేర్పడం) చూస్తున్నాను. చార్టు మీద అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా కనిపించనివాళ్లకు అసలు ఎంత కనిపిస్తోందో కొలవడం నా పనిలో పెద్ద భాగం. అందుకని డాక్టర్లు చెప్పే కోణం కంటే నాది కాస్త వేరుగా ఉండొచ్చు.

ముందు సూటి జవాబు. పుస్తకం చదవడం, ముఖాలు గుర్తుపట్టడం ఈ వైద్యంతో ఇప్పటి స్థాయిలో జరిగే పని కాదు. బల్ల మీద ఏదో వస్తువు ఉందని తెలియడం, తలుపు ఎటుందో కిటికీ ఎటుందో పోల్చుకోవడం, ఎదురుగా ఎవరో కదిలారని పసిగట్టడం కొందరికి సాధ్యమైంది, అదీ నెలల తరబడి సాధన చేశాక. ఆయన పోగొట్టుకున్న చూపు తిరిగి రాదు. ఆయన మెదడు ఇంతవరకూ ఎరగని ఒక ముతక చూపు కొత్తగా వస్తుంది. దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి. ఎందుకలా అన్నది అర్థమైతే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

కంటి వెనక గోడన ఉండే పొర రెటీనా. అందులో మూడు అంచెలున్నాయనుకోండి. వెలుతురును పట్టుకునేవి రాడ్స్, కోన్స్. ఒక్కో కంట్లో రాడ్స్ సుమారు 12 కోట్లు, కోన్స్ 60 లక్షలు. అవి పంపే సంకేతాన్ని బైపోలార్ కణాలు అందుకుని గాంగ్లియన్ కణాలకు చేరవేస్తాయి. ఈ గాంగ్లియన్ కణాల పొడవాటి పోగులే కట్టగా చేరి ఆప్టిక్ నర్వ్ అవుతుంది, అది మెదడుకు వెళ్తుంది. చిత్రమేమిటంటే గాంగ్లియన్ కణాలు పది పన్నెండు లక్షలే. పన్నెండు కోట్ల కణాలు పట్టుకున్నది పన్నెండు లక్షల పోగుల్లో ఇమడాలి. కాబట్టి రెటీనా ఫొటో తీసి యథాతథంగా మెదడుకు పంపదు. అంచులు, కదలికలు, చీకటి వెలుగుల తేడాలు అక్కడికక్కడే వేరుచేసి, లెక్క తేల్చి పంపిస్తుంది. ఈ సంగతితో తర్వాత పని పడుతుంది.

ఆర్‌పీలో మొదట పోయేవి రాడ్స్. రేచీకటి అందుకే వస్తుంది. ఆ వెనకే కోన్స్ కూడా చనిపోతాయి. లోపలి రెండు అంచెలు మాత్రం, కొంత దెబ్బతిన్నా, చాలామందిలో ఏళ్ల తరబడి మిగిలే ఉంటాయి. మైకు పాడైంది కానీ యాంప్లిఫయరు, వైర్లు ఇంకా బాగానే ఉన్నాయన్న మాట. ఆప్టోజెనెటిక్స్ పాడైన మైకు జోలికి పోదు, యాంప్లిఫయరుకో వైరుకో నేరుగా వినే శక్తి ఇవ్వాలని చూస్తుంది.

ఆ శక్తి నాచు నుంచి వచ్చిన మాట నిజమే. క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ నాచు వెలుతురు ఎటుందో పసిగట్టి అటు ఈదుతుంది. దానిలో ఆ పని చేసే ప్రోటీన్ చానెల్‌రొడాప్సిన్. వెలుతురు పడగానే తలుపు తెరుచుకుని అయాన్లను లోపలికి వదిలే ద్వారం లాంటిది. జర్మనీలో గియోర్గ్ నాగెల్, పీటర్ హెగెమన్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ 2002, 2003లలో దీని పనితీరు బయటపెట్టారు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ బాయ్డెన్, కార్ల్ డైసెరాత్ వాళ్లు దీన్ని నాడీకణాల్లో పెట్టి వెలుతురుతో వాటిని పనిచేయించారు. ఆ మరుసటి ఏడాదే డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఝువో-హువా పాన్ బృందం చూపు పోయిన ఎలుకల రెటీనాలో దీన్ని పెట్టి, వెలుతురుకు స్పందన తిరిగి వస్తుందని చూపించింది. మనిషి కంట్లోకి మొదటిసారి ఎక్కించింది 2016లో, టెక్సాస్‌లో.

జన్యువును మోసుకెళ్లేది ఏఏవీ అనే వైరస్. వ్యాధి కలిగించని రకం, లోపలి సరుకు తీసేసి మనకు కావాల్సింది నింపుతారు. అందులో సుమారు 4,700 అక్షరాల జన్యు సమాచారమే పడుతుంది. స్టార్‌గార్డ్ అనే మరో రెటీనా వ్యాధిలో చెడే ఏబీసీఏ4 జన్యువు 6,800 అక్షరాలు దాటుతుంది కాబట్టి ఒక్క వైరస్‌లో పట్టదు. చానెల్‌రొడాప్సిన్‌కు వెయ్యి చిల్లర అక్షరాలు చాలు. అసలు సౌలభ్యం ఇంకొకటుంది. ఆర్‌పీకి కారణమయ్యే జన్యువులు 80కి పైగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో మందు చేస్తూ పోతే ఎప్పటికి తేలుతుంది? ఆప్టోజెనెటిక్స్‌కు మీ అన్నయ్యలో ఏ జన్యువు చెడిందన్నది దాదాపు అక్కర్లేదు. మీరు పేరు విని ఉండే లక్స్‌టర్నా సంగతి వేరు. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన ఆ మందు ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు చెడినవాళ్లకే, అదీ రెటీనాలో కణాలు ఇంకా బతికి ఉంటేనే పనికొస్తుంది. మొదట ప్రకటించిన ధర రెండు కళ్లకూ కలిపి 8,50,000 డాలర్లు. రెండింటినీ "జీన్ థెరపీ" అన్న ఒకే పేరుతో రాసేయడం వల్ల కుటుంబాలు ఎంత తికమకపడుతున్నాయో నేను రోజూ చూస్తుంటాను.

ఇక అసలు చిక్కు వెలుతురు దగ్గర. ఆరోగ్యంగా ఉన్న రాడ్ కణం ఒక్క ఫోటాన్‌కు, అంటే వెలుతురులో అతి చిన్న తునకకు కూడా స్పందించగలదు. లోపల గొలుసుకట్టు చర్యలు జరిగి ఆ చిన్న సంకేతం ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. నాచు ప్రోటీన్‌లో ఆ గొలుసు లేదు. ఫోటాన్ తగిలితే తలుపు తెరుచుకుంటుంది, అంతే. అందుకే దానికి చాలా తీవ్రమైన వెలుతురు కావాలి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మన కన్ను నక్షత్రాల వెలుగు నుంచి మిట్టమధ్యాహ్నపు ఎండ వరకు సర్దుకుంటుంది. ఈ ప్రోటీన్ ఒక ఇరుకు పరిధిలోనే పనిచేస్తుంది. దానికి తక్కువైతే ఏమీ కనిపించదు, ఎక్కువైతే అంతా ఒకే తెలుపు. మొదట వాడిన రకం 470 నానోమీటర్ల నీలి కాంతికి బాగా స్పందిస్తుంది. అంత తీవ్రమైన నీలి కాంతిని గంటల తరబడి రెటీనా మీద వేయడం క్షేమం కాదు. అందుకే తర్వాత వచ్చిన క్రిమ్సన్ఆర్ అనే రకాన్ని 590 నానోమీటర్ల దగ్గర, కాషాయ రంగు కాంతికి స్పందించేలా ఎంచుకున్నారు. ఆ కాంతి ఎక్కువ మోతాదులో వేసినా రెటీనా తట్టుకుంటుంది.

మీరు చదివిన వార్త బహుశా ఈ క్రిమ్సన్ఆర్ గురించే. జెన్‌సైట్ బయోలాజిక్స్ అనే ఫ్రెంచి కంపెనీ నడిపిన పయనీర్ ట్రయల్ (మందును మనుషుల మీద పరీక్షించి చూడడం) అది. జోసే-అలెన్ సాహెల్, బోటాండ్ రోస్కా బృందం 2021 మే నెలలో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక్క మనిషి గురించి ప్రచురించారు. వయసు 58. నలభై ఏళ్ల క్రితం ఆర్‌పీ అని తేలిన వ్యక్తి, మీ అన్నయ్యలాగే వెలుతురు ఉందో లేదో తప్ప ఏమీ తెలియని స్థితి. ఎక్కువ దెబ్బతిన్న కంట్లో ఒకే ఒక్క ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రోటీన్ కణాల్లో తగినంత తయారు కావడానికి సమయం పడుతుంది కాబట్టి నాలుగున్నర నెలల తర్వాత ప్రత్యేకమైన గాగుల్స్‌తో శిక్షణ మొదలుపెట్టారు. శిక్షణ మొదలైన ఏడు నెలలకు ఆయన తనకు ఏదో తెలుస్తోందని చెప్పడం మొదలుపెట్టారు. రోడ్డు దాటే చోట తెల్ల చారలు కనిపించాయట, వాటిని లెక్కపెట్టగలిగారట.

తర్వాత చేసిన పరీక్షలు చూస్తే ఆ చూపు ఎలాంటిదో తెలుస్తుంది. తెల్ల బల్ల ముందు కూర్చోబెట్టారు. ఒకసారి నోటుపుస్తకం, ఇంకోసారి దానికంటే చిన్నదైన స్టేపుల్ పిన్నుల డబ్బా బల్ల మీద పెట్టి, ఎక్కడుందో చెయ్యి చాపి ముట్టుకోమన్నారు. నోటుపుస్తకాన్ని 92 శాతం సార్లు ముట్టుకున్నారు. పిన్నుల డబ్బాను 36 శాతం సార్లే. తర్వాత రెండో మూడో గ్లాసులు పెట్టి ఎన్నో చెప్పమంటే 19 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్పారు. ఇవన్నీ గాగుల్స్ పెట్టుకుని, చికిత్స చేసిన కంటితో చూసినప్పటి సంగతులు. గాగుల్స్ తీసేసి ఇవే పరీక్షలు పెడితే చేయలేకపోయారు. నాకు ఈ ఆఖరి సంగతి చాలా నచ్చింది. చూపు చాలా తక్కువగా ఉన్నవాళ్లతో పరీక్షలు చేసేటప్పుడు ఊహ, ఆశ, చెవులకు వినిపించే చిన్న చప్పుడు అన్నీ లెక్కలోకి దూరిపోతాయి. గ్లాసు బల్లకు తగిలిన శబ్దంతోనే చోటు చెప్పేసేవాళ్లను నేను చూశాను, మోసం చేయాలని కాదు, అలవాటైపోయి. గాగుల్స్ ఉంటే తెలిసి, లేకపోతే తెలియకపోవడం వల్ల ఇది నిజంగా కంటి గుండా వచ్చిందేనని నమ్మకం కుదురుతుంది. తలకు ఈఈజీ పెట్టి మెదడు సంకేతాలు రికార్డు చేసి, గ్లాసు ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడాను కంప్యూటర్‌తో పోల్చి చూస్తే అది 78 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగింది. మెదడులో చూపుకు సంబంధించిన భాగం మళ్లీ పనిలోకి వచ్చిందన్నమాట.

ఆ గాగుల్స్ గురించి వార్తల్లో పెద్దగా రాయరు. దాని ముందు భాగంలో ఉండేది మామూలు కెమెరా కాదు. సెకనుకు ఇన్ని ఫొటోలు అని తీయదు. ఏ చుక్క దగ్గర వెలుతురు మారిందో దాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. ఆ మార్పులను కాషాయ కాంతి మెరుపులుగా మార్చి నేరుగా రెటీనా మీద వేస్తుంది. ఏదీ మారకపోతే వేయడానికి ఏమీ ఉండదు. ఎదుట ఉన్న బల్లా కదలదు, చూసే తలా కదలదు అనుకోండి, దృశ్యం మాయమైపోతుంది. కాబట్టి తలను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ వస్తువు అంచుల్ని పట్టుకోవాలి. ఆరోగ్యమైన కన్ను కూడా మనకు తెలియకుండా సన్నగా అదురుతూనే ఉంటుంది, కానీ అది మనం నేర్చుకున్నది కాదు. ఇక్కడ తల తిప్పడం నేర్చుకోవాలి, ఎంత వేగంతో తిప్పాలో ఒంటికి పట్టాలి. లో విజన్ శిక్షణలో స్కానింగ్ అని మేం నేర్పేది ఇంచుమించు ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వైరస్‌ను కంటి మధ్యలో ఉండే విట్రియస్ అనే జెల్లీలోకి ఎక్కిస్తారు. అక్కడి నుంచి రెటీనా మీదున్న పలచటి పొరను దాటి గాంగ్లియన్ కణాల్లోకి చేరాలి. ఆ పొర అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. అందుకే వైరస్ ఎక్కువగా చూపు కేంద్రం చుట్టూ ఒక చిన్న ఉంగరం మేర కణాల్లోకి వెళ్తుంది. ఆ కేంద్రానికి చెందిన గాంగ్లియన్ కణాలేమో సరిగ్గా అక్కడే ఉండవు, పక్కలకు జరిగి ఉంటాయి. దాంతో రెటీనా మీద ఒక చోట వెలుతురు వేస్తే మెదడుకు అది కాస్త పక్క చోటు నుంచి వచ్చినట్టు తోస్తుంది. పైన చెప్పిన లెక్కల సంగతి ఇక్కడికొస్తుంది. గాంగ్లియన్ కణాల్లో ఎన్నో రకాలున్నాయి. కొన్ని వెలుగు పెరిగితే మెదడుకు సంకేతం పంపేవి, కొన్ని వెలుగు తగ్గితే పంపేవి. అన్నిట్లోనూ ఒకే ప్రోటీన్ పెట్టేస్తే అన్నీ వెలుగు పెరిగినప్పుడే ఒక్కసారిగా మాట్లాడతాయి. వెలుగు వచ్చిందని, వెలుగు పోయిందని రెండు కబుర్లూ ఒకేసారి మెదడుకు చేరతాయి. మెదడు దాన్ని విడదీసి అర్థం చేసుకోవడానికే ఆ నెలల సాధన. ఆ భారం తగ్గించాలని బయోనిక్ సైట్ సంస్థతో షీలా నైరెన్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త చేస్తున్న ప్రయత్నం ఇదీ: గాగుల్స్‌లోని ప్రాసెసర్ ఆరోగ్యమైన రెటీనా పంపే సంకేత భాషలోకి దృశ్యాన్ని ముందే మార్చి పంపిస్తుంది.

గాగుల్స్ అక్కర్లేకుండా చేయాలన్నది మరో బాట. నానోస్కోప్ థెరప్యూటిక్స్ వాళ్ల ఎంసీఓ-010 మందు గాంగ్లియన్ కణాలను వదిలేసి ఒక అంచె వెనక్కి, బైపోలార్ కణాలకు గురిపెట్టింది. అక్కడ పెడితే రెటీనా సొంతంగా చేసే లెక్కలు కొన్నయినా ఉపయోగపడతాయి. మామూలు గది వెలుతురుకే స్పందించేంత సున్నితమైన ప్రోటీన్ వాడారు. రిస్టోర్ అనే ట్రయల్‌లో 18 మందికి మందిచ్చారు, తొమ్మిదిమందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. 2024లో ఫలితాలు వచ్చాయి. 52 వారాల దగ్గర మందు తీసుకున్నవాళ్లలో చూపు సగటున 0.3 లాగ్‌మార్ కంటే కాస్త ఎక్కువ మెరుగైంది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 0.05.

ఈ లాగ్‌మార్ అంకె చదవడం వస్తే మీరు ఏ వార్తనైనా బేరీజు వేసుకోగలరు. అంకె తగ్గేకొద్దీ చూపు మెరుగు. సున్నా అంటే మామూలు చూపు. చార్టులో ఒక్కో లైను 0.1. అంకె 1.0 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అమెరికాలో చట్టప్రకారం అంధత్వం కింద లెక్క. 0.3 తగ్గిందంటే ఇంతకుముందు కనిపించిన అక్షరంలో సగం సైజు అక్షరం కనిపిస్తోందని. వినడానికి భారీ మెరుగుదలే. కానీ ఈ ట్రయల్‌లో చేరినవాళ్లు మొదలయ్యింది 1.9కి అటువైపు. అక్కడ నుంచి 0.3 తగ్గితే 1.6. 1.0కి ఇంకా చాలా దూరం. చెయ్యి ఊపితే మాత్రమే తెలిసేవాళ్లకు వేళ్లు లెక్కపెట్టే చూపు వచ్చినట్టు అనుకోండి. ఇది చిన్న విషయమని నేను అనను. చెయ్యి ఊపితే మాత్రమే తెలిసే మనిషికి గదిలో తలుపు ఎటుందో తెలియడం రోజంతా ఉపయోగపడుతుంది. కానీ "మూడు లైన్లు మెరుగైంది" అన్న శీర్షిక చదివి మీ అన్నయ్య ఊహించుకునేది వేరు, అక్కడ జరిగింది వేరు. ఏ లైను నుంచి మూడు లైన్లు అన్నది ఎవరూ శీర్షికలో పెట్టరు.

ఇంకా వెనక వస్తున్న దారులు కొన్ని ఉన్నాయి. బర్కిలీలో జాన్ ఫ్లానరీ, ఎహుద్ ఐసకాఫ్ 2019లో నాచు ప్రోటీన్ బదులు కోన్ కణాల్లో సహజంగా ఉండే ప్రోటీన్‌నే ఎలుకల గాంగ్లియన్ కణాల్లో పెట్టారు, అది చాలా తక్కువ వెలుతురులోనూ పనిచేసింది. జన్యువుతో పని లేకుండా వెలుతురుకు ఆకారం మార్చుకునే రసాయనాన్నే కంట్లోకి ఎక్కించే ప్రయత్నం కూడా మనుషుల మీద ట్రయల్ దశకు వచ్చింది. వీటి కోసం ఎదురుచూడాలా అంటే, దేని కోసమూ చేతులు ముడుచుకుని కూర్చోవద్దనే చెప్తాను.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి. ఆయనకు ఈ తరహా వైద్యం ఎప్పటికైనా పనికొస్తుందా అన్నది ప్రధానంగా లోపలి అంచెలు ఎంత మిగిలాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దానికి ఓసీటీ స్కాన్ చేయించండి. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. రెటీనా అడ్డకోత బొమ్మ వస్తుంది. బయటి పొర పోయి ఉంటుంది, అది చూసి కంగారు పడకండి. గాంగ్లియన్ పొర మందం ఎంత ఉందో డాక్టర్‌ను ప్రత్యేకంగా అడగండి. ఆప్టిక్ నర్వ్ ఎలా ఉందో కూడా. ఆర్‌పీతో పాటు గ్లకోమా ఉన్నవాళ్లు నాకు తరచుగా తగులుతుంటారు, ఉన్న గాంగ్లియన్ కణాలను అది తినేస్తుంది. కంటి ప్రెషర్ ఎక్కువుంటే చుక్కల మందు మానకూడదు. చూపే లేనప్పుడు ప్రెషర్ మందు ఎందుకు అని చాలామంది ఆపేస్తారు. భవిష్యత్తులో వచ్చే ఏ వైద్యానికైనా కావాల్సిన కణాలు అవే. గ్లకోమా వల్లో, నరం దెబ్బతినడం వల్లో చూపు పోయినవాళ్లకు ఆప్టోజెనెటిక్స్ ఉపయోగపడనిది కూడా అందుకే.

మీ అన్నయ్యకు ఒక అనుకూలత ఉంది. ఆయన పాతికేళ్లో ముప్పై ఏళ్లో చూశారు. మెదడులో చూపు భాగం పూర్తిగా ఎదిగాక చూపు పోయింది. పుట్టుకతోనే చూపు లేనివాళ్లకు కంటి నుంచి సంకేతం వచ్చినా మెదడు దాన్ని ఏం చేయాలో తెలియక తంటాలు పడుతుంది. ఆ ఇబ్బంది ఈయనకు తక్కువ.

ట్రయల్‌లో చేరే అవకాశం వస్తే ఆలోచించాల్సింది ఒకటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఏఏవీ ఒకసారి ఎక్కిస్తే దాని మీద యాంటీబాడీలు తయారవుతాయి. ఒక జీన్ థెరపీ తీసుకున్నవాళ్లను చాలా ట్రయల్స్ తర్వాత చేర్చుకోవు. అంటే ఈ రోజు ముతక చూపుకు ఒప్పుకుంటే, అయిదేళ్ల తర్వాత మెరుగైనది వచ్చినప్పుడు తలుపు మూసుకుపోవచ్చు. ఇంజెక్షన్ వల్ల కంట్లో వాపు రావడం మామూలుగా కనిపించే ఇబ్బంది, స్టెరాయిడ్లతో అదుపు చేస్తారు. చుక్కలు కొన్ని వారాలపాటు క్రమం తప్పకుండా వేసుకోవాలి, పరీక్షలకు ఏడాదికి పైగా తిరుగుతూ ఉండాలి. తోడు వెళ్లేది మీరేనా, మీ ఉద్యోగం దానికి ఒప్పుకుంటుందా అన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. పరికరం మీద ఆధారపడే వైద్యమైతే ఆ కంపెనీ ఎంతకాలం ఉంటుందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఆర్గస్ 2 అనే రెటీనా ఇంప్లాంట్‌కు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది, 60 ఎలక్ట్రోడ్‌లతో. 2019లో దాని తయారీ ఆగిపోయింది. కంట్లో ఇంప్లాంట్ ఉండిపోయింది, రిపేరు చేసేవాళ్లు లేకుండా పోయారు.

డబ్బు కట్టి ముందే చేయించుకోవచ్చా అన్నారు. వద్దండీ. అసలైన ట్రయల్‌లో మందుకు డబ్బు తీసుకోరు, ఒకే కంట్లో ఇస్తారు, అదీ ఎక్కువ దెబ్బతిన్న కంట్లో, ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు అయి ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెనక్కి వచ్చేయండి. 2017లో వైద్య పత్రికల్లో వచ్చిన ఒక కేసు చెప్తాను. ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ముగ్గురు మహిళలు మాక్యులా (రెటీనా నడిమి భాగం) వ్యాధికి స్టెమ్ సెల్స్ పేరుతో తలా 5,000 డాలర్లు కట్టి ఒకే రోజు రెండు కళ్లలోనూ ఇంజెక్షన్లు చేయించుకున్నారు. ముగ్గురికీ ఉన్న చూపు దాదాపు పోయింది. ఉన్నదే లేదు, పోయేదేముంది అని మీ అన్నయ్య అనొచ్చు. వెలుతురు తెలియడం కూడా చూపే. పైగా ఉదయమో రాత్రో తెలిసి ఒళ్లు నిద్రకు సర్దుకోవడానికి కంట్లో పడే వెలుతురే ప్రధాన ఆధారం. ఇలాంటి ఇంజెక్షన్లతో లోపల పాడైపోయిన కంటికి తర్వాత ట్రయల్‌లో చోటు దొరకడమూ కష్టం.

తెల్ల కర్ర గురించి ఆయనతో మీరు కాకుండా నేను మాట్లాడుతున్నట్టు చదివి వినిపించండి. అన్నగారూ, 2021లో వార్తకెక్కిన ఆయన పిన్నుల డబ్బాను మూడు సార్లకు ఒకసారి మాత్రమే పట్టుకోగలిగారు. ఆ చూపుతో గుంత కనిపించదు, మెట్టు అంచు కనిపించదు. ఈ వైద్యం రేపే మీకు అందినా కర్ర చేతిలో ఉంటుంది, దానికి తోడుగా ఎదురుగా ఏదో ఉందన్న కబురు కంటి నుంచి వస్తుంది. కర్రతో ధీమాగా నడిచే మనిషి ఆ కబురును వాడుకుంటాడు. గోడ పట్టుకుని నడిచే మనిషికి ఆ కబురు టెన్షన్‌గా మారుతుంది. శిక్షణకు వచ్చినవాళ్లలో ఈ తేడా నాకు మొదటి వారంలోనే కనిపించేస్తుంది. ఫోన్‌లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా అంతే. పుస్తకం చదవాలన్న మీ కోరిక ఈ సాయంత్రం నుంచే తీరే దారి అది. కళ్లతో కాదు నిజమే. కానీ పుస్తకం అదే.

జెనెటిక్ టెస్ట్ మాత్రం చేయించండి. ఆప్టోజెనెటిక్స్‌కు ఏ జన్యువో అక్కర్లేదని పైన అన్నాను, మరి టెస్ట్ ఎందుకంటారా? రిపోర్టులో ఆర్‌పీఈ65 లాంటి పేరు వస్తే దారి మారిపోవచ్చు. ఇంకో కారణం మీరే. ఆర్‌పీ చాలా కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరి దగ్గర నుంచీ ఒక్కో చెడిన కాపీ వచ్చినప్పుడు బయటపడుతుంది. అలాంటప్పుడు తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మీరు అన్నయ్య గురించి ఇంత వివరంగా రాశారు కానీ, సినిమా హాల్లోకి ఆలస్యంగా వెళ్తే సీటు వెతుక్కోవడం మీకు కష్టంగా ఉంటుందా, సాయంత్రం బండి నడిపేటప్పుడు పక్క నుంచి వచ్చేవాళ్లు ఆలస్యంగా కనిపిస్తున్నారా అన్నది రాయలేదు. ఆయనతో పాటు మీరూ ఒకసారి కంటిపాప పెద్దది చేయించుకుని రెటీనా పరీక్ష, ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో కొలిచేది) చేయించుకోండి. కణాలు బతికి ఉండగా తెలిస్తే చేయగలిగేది చాలా ఎక్కువ.